ఎముకల రోగులకు నర్సింగ్ సంరక్షణ: రాయ్‌పూర్

ఎముకలు, కీళ్లు, కండరాలు, లిగమెంట్లు దెబ్బతిన్నవారికీ వాటికి జబ్బు సోకినవారికీ చేసే నర్సింగ్ సేవను ఆర్థోపెడిక్ నర్సింగ్ అంటారు. కట్లు, బరువులు, పిన్నులు, చంకకర్రల వంటి ప్రత్యేక సాధనాలతో పని ఉన్నా, దీనికి ఆధారం నర్సింగ్ విద్యార్థి మొదటి ఏడాదిలో నేర్చుకునే పాఠాలే: గమనించడం, శుభ్రత, పడక అమరిక, చర్మ రక్షణ, ఆహారం, విసర్జన, నొప్పి తగ్గించడం, రోగితో మాట్లాడటం, రోగి తన పని తాను చేసుకునేలా చూడటం. తొడ ఎముకలో రాడ్డు వేసే ఆపరేషన్ సాధారణంగా కొన్ని గంటల్లో అయిపోతుంది. ఎముక అతకడానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ నెలల్లో పక్క పుండు పడకుండా, కీలు బిగుసుకుపోకుండా, కాలు చచ్చుబడకుండా చూసే పనిలో పెద్ద భాగం నర్సుదే. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో రోగులు వచ్చే దూరం, సికిల్ సెల్ వ్యాధి, భాషల వైవిధ్యం ఈ పనికి ఒక ప్రత్యేక స్వరూపాన్ని ఇచ్చాయి.

చరిత్ర

విరిగిన ఎముకను కదలకుండా కట్టాలన్న జ్ఞానం చాలా పాతది. సుశ్రుత సంహితలో ఎముక విరగడాన్ని, కీలు తొలగడాన్ని విడివిడిగా వర్ణించారు. బద్దలకు పనికొచ్చే చెట్లలో ఇప్ప, మేడి, రావి, మోదుగ, మద్ది, వెదురు పేర్లు అందులో ఉన్నాయి. ఇప్ప, మోదుగ ఛత్తీస్‌గఢ్ అడవుల్లో నేటికీ విరివిగా పెరిగే చెట్లు. ఊరి వైద్యులు వెదురు బద్దలతో కట్టే కట్టు, హిందీలో హడ్‌జోడ్ అని పిలిచే నల్లేరు వాడకం ఇప్పటికీ కనిపిస్తాయి. తెలుగువారికి తెలిసిన పుత్తూరు కట్టు కూడా ఈ సంప్రదాయంలోదే.

ఐరోపాలో ఆర్థోపెడిక్స్ అన్న పేరును 1741లో ఫ్రెంచి వైద్యుడు నికొలా ఆంద్రీ పెట్టాడు. డచ్చి సైనిక వైద్యుడు ఆంటోనియస్ మథేసెన్ 1852లో ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూసిన గుడ్డకట్టును ప్రచురించాడు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేను కనుగొన్నాడు. బ్రిటన్‌కు చెందిన హ్యూ ఓవెన్ థామస్ రూపొందించిన స్ప్లింటును ఆయన మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో విస్తృతంగా వాడించాడు. తొడ ఎముక విరిగిన సైనికుల్లో 80 శాతం దగ్గర ఉన్న మరణాలు దాంతో 20 శాతం లోపుకు దిగాయని చరిత్రకారులు రాస్తారు. థామస్ స్ప్లింటు నేటి ఎముకల వార్డుల్లోనూ పనిచేస్తోంది.

ఆర్థోపెడిక్ నర్సింగ్‌కు ఒక రూపం ఇచ్చినది ఆగ్నెస్ హంట్ (1866–1948). చిన్నతనంలో తుంటికి సోకిన జబ్బుతో ఆమె జీవితాంతం కుంటుతూనే నడిచింది. ఇంగ్లండులోని బాస్‌చర్చ్ గ్రామంలో 1900లో ఎముకల జబ్బులున్న పిల్లలకు ఆరుబయటి గాలి తగిలే ఆశ్రయం ప్రారంభించింది. తర్వాత రాబర్ట్ జోన్స్‌తో కలిసి పనిచేసింది. 1921లో ఆస్వెస్ట్రీకి మారిన ఆ ఆసుపత్రి నేడు వారిద్దరి పేరుతోనే నడుస్తోంది. రోగి ఆసుపత్రి వదిలి వెళ్లాక కూడా ఊళ్లో క్లినిక్కుల ద్వారా అతన్ని కనిపెట్టి ఉండాలన్నది ఆమె తెచ్చిన పద్ధతి. దూరపు జిల్లాల నుంచి రోగులు వచ్చే రాయ్‌పూర్‌కు ఆమె పనిలో అన్నిటికన్నా పనికివచ్చే అంశం ఇదే.

రాయ్‌పూర్ నేపథ్యం

ఛత్తీస్‌గఢ్ 2000 నవంబరు 1న ప్రత్యేక రాష్ట్రమైంది. రాయ్‌పూర్‌లోని పండిత్ జవహర్‌లాల్ నెహ్రూ స్మారక వైద్య కళాశాల అంతకు ఎంతో ముందు, 1963లో మొదలైంది. దానికి అనుబంధంగా ఉన్న డాక్టర్ భీమ్‌రావ్ అంబేడ్కర్ స్మారక ఆసుపత్రిని జనం ‘మేకాహారా’ అంటారు. టాటీబంద్ ప్రాంతంలోని ఎయిమ్స్ 2012లో ప్రారంభమైంది. దానికి సొంత నర్సింగ్ కళాశాల ఉంది.

ముంబై–కోల్‌కతా దిశగా సాగే 53వ జాతీయ రహదారి, జగదల్‌పూర్, సుక్మా, కోంటా మీదుగా భద్రాచలం వైపు దిగి విజయవాడ సమీపానికి చేరే 30వ జాతీయ రహదారి రాయ్‌పూర్‌లోనే కలుస్తాయి. రోడ్డు ప్రమాదాల్లో కాళ్లు విరిగినవారు, ఉర్లా, సిల్తరా పారిశ్రామిక వాడల్లో యంత్రాల్లో చేతులు నలిగినవారు, చెట్ల మీది నుంచి పడి వెన్ను విరిగినవారు ఇక్కడి వార్డులకు వస్తారు. బస్తర్‌లో మందుపాతరల పేలుళ్లకు గాయపడిన భద్రతా సిబ్బందిని హెలికాప్టర్లలో ఈ నగరానికే తీసుకువచ్చేవారు. జగదల్‌పూర్ నుంచి రాయ్‌పూర్‌కు రోడ్డు మీద దాదాపు 300 కిలోమీటర్లు. కోంటా ఇంకా దూరం. అంత ప్రయాణం చేసి వచ్చిన రోగిని పడక మీదికి చేర్చగానే నర్సు అడగవలసిన మొదటి విషయాల్లో ఒకటి, దెబ్బ ఎప్పుడు తగిలింది, కట్టు ఎప్పుడు కట్టారు అన్నది.

ఆధార సూత్రాలు

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్‌లో నర్సింగ్ పాఠశాల నెలకొల్పినప్పుడు గాలి, వెలుతురు, శుభ్రత, నిశ్శబ్దం, జాగ్రత్తగా గమనించడం అనే వాటిని నర్సు పనికి మూలంగా పెట్టింది. వర్జీనియా హెండర్సన్ మనిషికి కావలసిన 14 ప్రాథమిక అవసరాలను లెక్క కట్టింది: ఊపిరి పీల్చడం, తినడం, విసర్జించడం, కదలడం, నిద్రపోవడం, బట్టలు కట్టుకోవడం వంటివి. కాలికి బరువు కట్టి పడుకోబెట్టిన మనిషిలో వీటిలో సగానికి పైగా ఒక్క రోజులో చెయ్యిజారిపోతాయి. డొరొతియా ఓరెమ్ స్వయం సంరక్షణ సిద్ధాంతం ప్రకారం రోగి చేసుకోలేని పనిని మాత్రమే నర్సు చెయ్యాలి. చేసుకోగలిగినది నేర్పాలి. ఎముకల వార్డుకు ఈ మూడింటిలో ఎక్కువ సరిపోయేది ఓరెమ్ దారి. అక్కడ రోగి లక్ష్యం మళ్లీ తన కాళ్ల మీద నిలబడటమే కాబట్టి.

ఈ సూత్రాలను ఆచరణలో పెట్టే క్రమాన్ని నర్సింగ్ ప్రక్రియ అంటారు. రోగిని పరిశీలించడం, సమస్యను గుర్తించడం, ప్రణాళిక, అమలు, ఫలితాన్ని సమీక్షించడం అందులోని ఐదు దశలు.

రక్తప్రసరణ, నాడుల పరీక్ష
(చూ. కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్)

గమనించడం అనే సూత్రం అత్యంత పదునుగా పనిచేసేది ఇక్కడ. దెబ్బ తగిలిన తర్వాత, కట్టు వేసిన తర్వాత, ఆపరేషన్ తర్వాత తొలి 24 గంటల్లో దెబ్బతిన్న చెయ్యి లేదా కాలి చివర్లను చాలా ఆసుపత్రుల్లో గంటకోసారి చూస్తారు. వేళ్ల రంగు, వెచ్చదనం, వాపు, నాడి కొట్టుకోవడం, స్పర్శ, కదలిక అన్నీ రెండో కాలితో లేదా చేతితో పోల్చి రాయాలి. గోరు నొక్కి వదిలితే రెండు మూడు సెకన్లలో ఎరుపు తిరిగి రావాలి. నాడుల్లో ఏది దెబ్బతిన్నదో చిన్న కదలికలతో తెలుస్తుంది. చేతి బొటనవేలు పైకి ఎత్తలేకపోతే రేడియల్ నాడి, చేతి వేళ్లు విడదీయలేకపోతే అల్నార్ నాడి, పాదాన్ని పైకి వంచలేకపోతే మోకాలి పక్కనుంచి వెళ్లే పెరోనియల్ నాడి నలిగి ఉండవచ్చు.

కండరాల గదుల్లో వాపు పెరిగి రక్తం ఆడకపోతే వచ్చే ప్రమాదాన్ని కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు. పిక్క ఎముక, ముంజేతి ఎముకలు విరిగినవారిలో ఇది ఎక్కువ. మందు ఇచ్చినా తగ్గని, దెబ్బకు మించిన నొప్పి, వేళ్లను మెల్లగా సాగదీస్తే రోగి అరిచేంత బాధ దీని తొలి గుర్తులు. నాడి అందకపోవడం, వేళ్లు పాలిపోవడం ఆలస్యంగా వచ్చే గుర్తులు. వాటి కోసం నర్సు ఎదురుచూస్తే రోగి కండరాన్ని పోగొట్టుకుంటాడు. సుమారు ఆరు గంటలు దాటితే కండరానికి కోలుకోలేని నష్టం జరుగుతుంది. ముంజేతిలో ఇలా జరిగి చెయ్యి గోరుపంజాలా ముడుచుకుపోయే స్థితిని జర్మన్ వైద్యుడు రిచర్డ్ ఫోన్ ఫోల్క్‌మన్ 1881లో వర్ణించాడు. అనుమానం రాగానే నర్సు చెయ్యవలసినవి: కట్టునంతా వదులు చేయించడం, వెంటనే వైద్యుణ్ణి పిలవడం, అవయవాన్ని గుండె ఎత్తులోనే ఉంచడం. మామూలు వాపుకు కాలు ఎత్తిపెట్టడం మంచిది. ఈ స్థితిలో ఎత్తిపెడితే రక్తం మరింత తగ్గుతుంది.

ఊరి వైద్యుడు బిగించి కట్టిన వెదురు కట్టుతో వచ్చే రోగి విషయంలో ఈ పరీక్ష మరీ ముఖ్యం. బిగువు వల్ల వేళ్లు నల్లబడి, చివరికి కాలో చెయ్యో తీసేయవలసి వచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. ఆ కుటుంబాన్ని తిట్టడం వల్ల మేలు లేదు. తిట్టు తిన్నవారు తర్వాతి వాపును ఆలస్యంగా చెబుతారు. కట్టు ఎవరు వేశారు, ఎన్ని రోజులైంది, లోపల ఏ ఆకు పసరు పెట్టారు అని ప్రశాంతంగా అడిగి రాసుకుంటే చికిత్సకు ఉపయోగం.

తొడ ఎముక, కటి ఎముక విరిగినవారిలో 24 నుంచి 72 గంటల మధ్య మజ్జలోని కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తులకు అడ్డుపడే ప్రమాదం ఉంది. ఆయాసం, అయోమయం, ఛాతీ మీద, చంకల్లో చిన్న ఎర్ర చుక్కలు దీని గుర్తులు. రాత్రివేళ రోగి తికమకగా మాట్లాడటాన్ని మద్యం మానడం వల్లనో భయం వల్లనో వచ్చినదని కొట్టిపారెయ్యకుండా ముందు ఆక్సిజన్ శాతం చూడాలి.

కట్లు, ట్రాక్షన్, పిన్నులు

సిమెంటు కట్టుగా జనం పిలిచే ప్లాస్టర్ కట్టు పూర్తిగా ఆరడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. తడిగా ఉన్నప్పుడు వేళ్లతో పట్టుకుంటే సొట్టలు పడి లోపల చర్మాన్ని నొక్కుతాయి. అందుకే అరచేతులతో ఎత్తి, దిండు మీద పెట్టాలి. ఫైబర్ గ్లాసు కట్టు అరగంటలో గట్టిపడుతుంది. కట్టులో ఒక చోట వేడి, దుర్వాసన, మరక కనిపిస్తే లోపల పుండు ఉందని అనుమానించాలి. ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రాయ్‌పూర్ మే నెలలో చెమటకు కట్టు కింద దురద తట్టుకోలేనిది. పిల్లలు పుల్లలు, స్కేళ్లు దూర్చి గోక్కుంటారు. ఈ విషయం తల్లిదండ్రులకు ముందే చెప్పాలి.

ట్రాక్షన్ అంటే బరువుతో ఎముకను నెమ్మదిగా లాగి వరుసలో ఉంచడం. చర్మానికి పట్టీ చుట్టి కట్టే బరువు సాధారణంగా 5 కిలోలకు మించదు. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఎముకలోకి స్టైన్‌మన్ పిన్ను వేసి దానికి కడతారు. ఇందులో నర్సు గమనించవలసినవి సులువుగా కనిపిస్తాయి, రోజూ తప్పిపోతాయి. బరువు గాలిలో వేలాడాలి, నేలకూ మంచానికీ తగలకూడదు. తాడు కప్పీ మీదే ఉండాలి. ముడి కప్పీకి తగలకూడదు. రోగి శరీరం కిందికి జారకుండా మంచం కాళ్ల వైపు ఇటుకలో చెక్కలో పెట్టి ఎత్తుచేస్తారు. రోగి బాధపడుతున్నాడని తోడు వచ్చినవారు బరువు ఎత్తి పట్టుకోవడం, తీసి పక్కన పెట్టడం తరచుగా జరుగుతుంది. వైద్యుడు చెప్పకుండా బరువు తీస్తే అప్పటిదాకా వరుసకు వచ్చిన ఎముక మళ్లీ కదులుతుందని మొదటి రోజే వారికి వివరించాలి.

పిన్ను చర్మంలోకి దిగే చోటును ఆసుపత్రి నియమం ప్రకారం శుభ్రం చెయ్యాలి. ఎరుపు, చీము, పిన్ను వదులు కావడం ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. ఒక పిన్ను దగ్గర వాడిన దూదిని మరో పిన్ను దగ్గర వాడకూడదు.

పడక మీది రోగి

ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట్ల, అంటే నడుము కింద, మడమల మీద, తుంటి పక్కన, మోచేతుల దగ్గర చర్మం నలిగి పక్క పుండ్లు పడతాయి. ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయడానికి 1987లో వెలువడిన బ్రేడెన్ కొలమానం వాడతారు. అందులో 6 నుంచి 23 వరకు మార్కులు ఉంటాయి. 18 లేదా అంతకన్నా తక్కువ వస్తే పుండు పడే ప్రమాదం ఉన్నట్లు. రెండు గంటలకోసారి పక్క మార్చడం, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెట్టడం, దుప్పటి ముడతలు లేకుండా చూడటం పాత పద్ధతులే, పనిచేసేవే. ఎర్రబడిన చోట స్పిరిట్ పోసి గట్టిగా మర్దన చేసే అలవాటును మాత్రం నేటి నర్సింగ్ వదిలేసింది. లోపల నలిగిన కణజాలాన్ని ఆ మర్దన ఇంకా దెబ్బతీస్తుంది. వెన్నెముక విరిగిన రోగిని తల, భుజాలు, నడుము, కాళ్లు ఒకే వరుసలో ఉండేలా ముగ్గురు నలుగురు కలిసి దుంగను దొర్లించినట్లు తిప్పాలి. ఒంటరిగా తిప్పకూడదు.

కదలిక లేని కాలి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. చీలమండను పైకీ కిందికీ ఆడించడం, వైద్యుడు రాసిన రక్తం పలచబరిచే మందు వేళకు ఇవ్వడం, పిక్కలో నొప్పి, వాపు కనిపెట్టడం నర్సు పని. ఊపిరితిత్తుల్లో కఫం చేరకుండా లోతైన ఊపిరి వ్యాయామాలు, మూడు బంతుల స్పైరోమీటరు ఉపయోగిస్తారు. గుండె, మూత్రపిండాల జబ్బు లేనివారికి రోజూ 2–3 లీటర్ల నీరు అందితే మలబద్ధకం, మూత్రంలో రాళ్లు తగ్గుతాయి. బెడ్‌పాన్ సిగ్గుకు నీళ్లు తాగడం మానేసే ఆడవారు చాలామంది. పరదా వెయ్యడం, పిలిచిన వెంటనే రావడం దానికి మందు. ఆహారంలో పప్పు, గుడ్లు, పాలు, చేపలు పెరగాలి. ఛత్తీస్‌గఢ్‌లో ఎండాకాలం తినే బోరే-బాసీ, మన చద్దన్నం వంటిది, ఒంటికి చల్లన. అయితే ఎముక అతకడానికి కావలసిన మాంసకృత్తుల కోసం దాని పక్కన గుడ్డో పప్పో ఉండాలి.

సికిల్ సెల్ ఉన్న ఎముకల రోగి
(చూ. సికిల్ సెల్ వ్యాధి; తుంటి ఎముక క్షీణత)

ఛత్తీస్‌గఢ్ సికిల్ సెల్ జన్యువు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఒకటి. రాయ్‌పూర్‌లో ఈ వ్యాధి కోసమే ఒక ప్రత్యేక సంస్థ ఉంది. కొడవలిలా వంగిన ఎర్రకణాలు ఎముకలోని సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఆ భాగం చచ్చుబడుతుంది. తొడ ఎముక తల ఇలా క్షీణించి, యువకులు కూడా తుంటి మార్పిడికి వస్తారు. ఎముకలోకి సాల్మొనెల్లా వంటి సూక్ష్మజీవుల ఇన్ఫెక్షన్ రావడం, పసిపిల్లల్లో చేతివేళ్లు, కాలివేళ్లు వాచడం దీని ఇతర రూపాలు.

ఇక్కడ సాధారణ నర్సింగ్ నియమం కొన్ని చోట్ల తలకిందులవుతుంది. వాపుకు ఐసు పెట్టడం ఎముకల వార్డులో మామూలు. సికిల్ సెల్ రోగికి చలి తగిలితే కణాలు ఇంకా వంకరపోతాయి కాబట్టి ఐసు వాడరు, ఒంటిని వెచ్చగా ఉంచుతారు. ఆపరేషన్‌కు ముందు గంటల తరబడి ఖాళీ కడుపుతో ఉంచితే ఒంట్లో నీరు తగ్గి నొప్పి తిరగబెడుతుంది. అందుకే సెలైన్ ముందుగానే మొదలుపెట్టించాలి. ఆక్సిజన్ తగ్గకుండా చూడాలి. రక్తం ఆపడానికి కట్టే టూర్నికే విషయంలో శస్త్రచికిత్స బృందానికి ముందే హెచ్చరిక వెళ్లాలి. వీరి నొప్పి బయటికి కనిపించే గాయంతో కొలిచేది కాదు. మాటిమాటికి మందు అడుగుతున్నాడని రోగిని అనుమానించడం అన్యాయం, ప్రమాదకరం కూడా. ఈ ప్రాంతపు రోగి చేరగానే ‘సిక్లింగ్ పరీక్ష చేయించారా’ అన్న ప్రశ్న నర్సింగ్ రికార్డులో తప్పక ఉండాలి. 2023 జూలై 1న కేంద్ర ప్రభుత్వం మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో జాతీయ సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించాక ఈ పరీక్షలు ఊళ్లకు విస్తరించాయి.

నొప్పి, భాష

నొప్పిని సున్నా నుంచి పది వరకు అంకెతో చెప్పించడం వాడుకలో ఉన్న పద్ధతి. చదువు రానివారికి, పిల్లలకు నవ్వు నుంచి ఏడుపు వరకు ముఖాల బొమ్మలు చూపిస్తారు. రాయ్‌పూర్ వార్డులో హిందీ ఒక్కటి చాలదు. పల్లెవారు ఛత్తీస్‌గఢీలో ‘పిరాథే’ అంటే నొప్పెడుతోందని. బస్తర్ నుంచి హల్బీ, గోండీ మాట్లాడేవారు, కోంటా వైపు నుంచి తెలుగు అర్థమయ్యేవారు వస్తారు. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్లను 2020 నుంచి నోర్సెట్ అనే ఉమ్మడి పరీక్షతో దేశమంతటి నుంచి ఎంపిక చేస్తున్నారు. కాబట్టి నర్సుకూ రోగికీ మాతృభాష ఒకటి కాని సందర్భం సహజం. పది పదిహేను స్థానిక మాటలు, వృద్ధులను ‘బబా’, ‘దాయి’ అని పిలవడం నేర్చుకున్న నర్సుకు రోగి తన వేళ్ల తిమ్మిరి గురించి ముందే చెబుతాడు.

ఇంటికి పంపడం, పునరావాసం
(చూ. చంకకర్రలు, కృత్రిమ అవయవాలు)

డిశ్చార్జి పాఠం రోగి చేరిన రోజు నుంచే మొదలవ్వాలి. చంకకర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బరువు అరచేతుల మీద పడాలి. చంక మీద ఆనితే నాడి నలిగి చెయ్యి పడిపోతుంది. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు దెబ్బతిన్న కాలు ముందు.

వెనుక వైపు నుంచి తుంటి మార్పిడి చేసినవారు మొదటి వారాల్లో తుంటిని 90 డిగ్రీలకు మించి వంచకూడదు, కాళ్లు అడ్డంగా దాటించకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. నేల మీద పీట వేసుకుని తినే ఇంట్లో, గొంతుకూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఊళ్లో ఈ మూడు నియమాలు పాటించడం కష్టం. మధ్యలో రంధ్రం చేసిన కుర్చీ, ఎత్తైన మంచం, తలుపు పక్కన పట్టుకునే కర్ర ముందుగా సిద్ధం చేయించాలి. ఇంట్లో మంచం ఎత్తు ఎంత అని అడగకుండా ఇచ్చే సలహాకు విలువ తక్కువ.

కాలు తీసేసినవారికి మొండిభాగాన్ని ఎనిమిది అంకె ఆకారంలో ఎలాస్టిక్ పట్టీతో చుట్టాలి. రోజూ కొంతసేపు బోర్లా పడుకోబెట్టడం వల్ల తుంటి ముడుచుకుపోదు. 1968లో డాక్టర్ పి.కె. సేఠీ, శిల్పి రామచంద్ర శర్మ తయారుచేసిన జైపూర్ కాలుతో పొలంలో నడవవచ్చు, గొంతుకూర్చోవచ్చు. రోగికి ఈ విషయం ఆపరేషన్‌కు ముందే చెప్పడం నర్సు చేయగల పెద్ద ఓదార్పు.

విద్య, నియంత్రణ

బీఎస్సీ నర్సింగ్‌లో తొలి రెండు సెమిస్టర్లలో నర్సింగ్ ఫౌండేషన్స్, ఆ తర్వాత అడల్ట్ హెల్త్ నర్సింగ్‌లో భాగంగా ఎముకల జబ్బుల సంరక్షణ బోధిస్తారు. ఆర్థోపెడిక్, పునరావాస నర్సింగ్‌లో పోస్ట్ బేసిక్ డిప్లొమాకు, ఎమ్మెస్సీలో ఆర్థోపెడిక్ ప్రత్యేకతకు భారత నర్సింగ్ కౌన్సిల్ పాఠ్యక్రమాలు రూపొందించింది. ఆ కౌన్సిల్‌కు ఆధారమైన 1947 చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. బోధనాసుపత్రి సాధారణ వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది కౌన్సిల్ పెట్టిన ప్రమాణం. ఈ సంఖ్య కాగితం మీదే ఉండిపోయిన వార్డులో గంటకోసారి వేళ్ల పరీక్ష, రెండు గంటలకోసారి పక్క మార్చడం ఎంత నేర్పున్న నర్సుకైనా సాధ్యపడవు.